రామచిలకకు కేసు, మకావ్‌కు లైకులు: మనం ఏం పెంచాలె?

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతోని చదవున్రి.

ఈ మధ్య మన పిల్లగాళ్లకు కుక్క, పిల్లి ఆనుతలేవు. భుజం మీద చిలక, చేతిల తాబేలు, ఎనకాల నెమలి పిల్ల, ఇట్ల ఉంటేనే రీల్ నడుస్తది అనుకుంటున్నరు. వెరైటీగ ఉండాలె అనే కోరిక తప్పు అని నేను అనను. కానీ ఆ వెరైటీకి ఎవరు ఎంత కడుతున్నరో చూడాలె.

మన తెలుగాయనే ఒకాయన ఉన్నడు, తణుకు డాక్టర్ గిరికుమార్ పాటిల్. ఉక్రెయిన్‌ల డాక్టర్ చదివి, అక్కడనే ఉండి, ఒక జాగ్వార్‌ను, ఒక నల్ల చిరుతను పెంచిండు. చిరంజీవి ‘లంకేశ్వరుడు’ సినిమా చూసి ఆ ఇష్టం పుట్టిందని చెప్పిండు. 2022ల యుద్ధం మొదలైతె అందరు ఇండియాకు వస్తుంటె, వీటిని ఇడిచి రాను అని సెల్లార్‌ల వాటితోనే ఉన్నడు. ఆఖరికి చేతిల పైసలు అయిపోయి, వాటిని ఒక రైతు దగ్గర పెట్టి పోలండ్ పోయిండు. ఆయన ప్రేమను నేను తక్కువ చేస్తలేను. కానీ ఆయన డాక్టర్, ఆయన ఎట్లనో ఒకట్ల నిలబడతడు. మనం?

మన దగ్గర సంగతి చిలకనే. చెట్టు తొర్రల చెయ్యి పెట్టి, కండ్లు కూడ తెరవని పిల్లలను తీసుకొస్తరు. సగం దారిలనే చస్తయి. సంతల అమ్మితె పిల్లగానికి వచ్చేది ఖర్చులకు సరిపోయే పైసలు, పట్నంల అమ్మేటోనికి దానికి ఎన్నో రెట్లు. పట్టుబడ్డ రోజు ఆ పట్నపోడు ఎక్కడ ఉండడు, మన పిల్లగాని పేరే రాస్తరు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టంల రామచిలక కూడ ఉన్నది. 2022ల సవరణ చేసినంక రెండో షెడ్యూల్‌ల పెట్టిన్రు. మూడేండ్ల దాక జైలు, లక్ష దాక జరిమాన పడొచ్చు. నెమలి, నక్షత్ర తాబేలు ఒకటో షెడ్యూల్, శిక్ష ఇంకా ఎక్కువ. “అడవి మనది, మన హక్కు” అని పెద్దోళ్లు అంటరు. నేను కూడ అంటా. కానీ 2006 అటవీ హక్కుల చట్టం చదవున్రి, సెక్షన్ 3ల మన సంప్రదాయ హక్కులు ఇచ్చుకుంటనే వేటను, జంతువులను పట్టుడును పక్కకు తీసిన్రు. ఆ చట్టం చూపెట్టి చిలకను కాపాడుకోలేము.

కేసు అంటె జరిమానతోని పోయేది కాదు. రేపు కానిస్టేబులో, బీట్ ఆఫీసరో సెలెక్ట్ అయితె అటెస్టేషన్ ఫారంల కేసులున్నయా అని అడుగుతరు. మా ఇంట్ల కాలేజి మెట్టు ఎక్కింది నేనే ఫస్టు. మీల చాన మందిది కూడ అంతే కదా. ఒక పంజరం కోసం ఇదంత పోగొట్టుకుందామా?

నాకు కోపం వచ్చేది ఇంకోటి. పట్నంల పైసలున్నోడు విదేశీ మకావ్‌నో ఇగ్వానానో కొంటె, 2024 రూల్స్ ప్రకారం పరివేష్ పోర్టల్‌ల నమోదు చేసుకోని దర్జాగ పెంచుకోవచ్చు. అది కూడ ఎక్కడనో ఎవరి అడవిదో కదా! దానికి లైకులు, మన చిలకకు లాకప్పు. చిలకను పట్టనియ్యున్రి అని నేను అడుగుతలేను. ఆ వ్యాపారాన్ని కూడ అంతే గట్టిగ చూడున్రి అంటున్న.

ఇప్పటికే ఇంట్ల చిలక ఉన్నోళ్లు మాత్రం ఈ పోస్టు చూసి తెల్లారి ఎగరేయకున్రి. చేతిల తిని పెరిగింది బయట బతుకుడు కష్టం, రెక్కలు కత్తిరించింది అసలే బతకది. ఊళ్లె పెద్దమనిషిని ఎంబట పెట్టుకోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు పోయి అప్పజెప్పున్రి.

వెరైటీ కావాలంటె గిన్నె కోళ్లు పెంచున్రి. ఏ కేసు లేదు. పాము కనబడ్డా, కొత్త మనిషి వచ్చినా గుంపంత ఒక్కసారె అరుస్తయి, కుక్క చేసే పనే చేస్తయి. పురుగులు తింటయి, గుడ్లు పెడతయి. రాత్రి లొల్లికి పక్కింటోళ్లు తిడతరు, అది ముందే చెప్తున్న. మా తండాల రెండిండ్లల్ల ఉన్నయి, రీల్‌ల కూడ మస్తు కనబడతయి. భూపాలపల్లి దిక్కు పిల్లలు ఎక్కడ దొరుకుతయో తెలిసినోళ్లు కింద రాయున్రి, మా బాపు అడుగుతున్నడు.