బొల్లారం కబురు... న్యూయార్క్ ఫైలు

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో కరీంనగర్ బస్సెక్కండి. అల్వాల్ దాటాక బొల్లారంలో రోడ్డు పక్కన పొడవాటి ప్రహరీ, లోపల గుబురు చెట్లు కనిపిస్తాయి. అదే రాష్ట్రపతి నిలయం. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనాన్ని లోపలికి రానిస్తున్నారు కాబట్టి, ఆదివారాలు పిల్లాపాపలతో వచ్చేవాళ్లకు కొదవలేదు. ఇంకాస్త ముందుకెళ్తే హకీంపేట, తూంకుంట, ఆ తర్వాత శామీర్‌పేట. చెరువు, జింకల పార్కు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. అక్కడ ఔటర్ రింగురోడ్డు ఎక్కితే మేడ్చల్ ఎంతో దూరం లేదు.

ఈ దారిలో ఏ ఇంటి తలుపు తట్టి ‘మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు’ అనడిగినా జవాబు తెలిసిందే. మేడ్చల్, కండ్లకోయ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు పొద్దున్నే రోడ్డంతా ఆక్రమించేది అందుకే. అదే శామీర్‌పేటలో లా చదివే అమ్మాయి ‘ఐక్యరాజ్యసమితిలో పొలిటికల్ అఫైర్స్ ఆఫీసర్ని అవుతా’ అందనుకోండి. ‘పాలిటిక్సా? మనకెందుకమ్మా!’ అంటుంది ఇంట్లో పెద్దావిడ. ఆవిడ తప్పేం లేదు. ఆ పేరు వింటే ఎవరికైనా జెండాలు, కండువాలే గుర్తొస్తాయి.

ఆ ఉద్యోగానికి కండువాలతో పనిలేదు. పనంతా కాగితాలతోనే. ఒక దేశంలో గొడవ రాజుకుంటోంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, సైన్యంలో ఎవరి మాట చెల్లుతోంది, పల్లెల్లో జనం ఎటు పారిపోతున్నారు... ఇవన్నీ తెలుసుకోవాలి. మంత్రిని కలవాలి, ప్రతిపక్ష నాయకుణ్నీ కలవాలి. మార్కెట్లో బియ్యం ధర కూడా కనుక్కోవాలి. రాత్రి కూర్చుని అంతా రెండు పేజీల్లోకి కుదించాలి. పై అధికారికి అంతకుమించి చదివే తీరికుండదు మరి. ఆ కాగితం న్యూయార్క్ చేరుతుంది. అక్కడ మరో అధికారి దాన్ని ఇంకా చిన్నది చేసి, ప్రధాన కార్యదర్శి ఏం మాట్లాడాలో నాలుగు ముక్కలు రాసిస్తాడు. రాసినవాడి పేరు ఎక్కడా కనపడదు.

ఐరాసలో ఇలాంటివాళ్ల కోసం 1992లో ప్రత్యేకంగా రాజకీయ వ్యవహారాల విభాగాన్ని ఏర్పాటుచేశారు. 2019 జనవరి నుంచి శాంతి స్థాపన పనినీ అందులో కలిపారు. దేశాలు తమ రాయబార కార్యాలయాల్లో పెట్టుకునే రాజకీయ అధికారుల సంగతి వేరు. వాళ్లు సొంత ప్రభుత్వం కోసం రాస్తారు. ఐరాస అధికారి మాత్రం ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదు. ఆ మాట సమితి నియమావళి 100వ అధికరణంలోనే ఉంది.

ఆ రెండు పేజీలకు అంత విలువా అనిపించవచ్చు. 1994 జనవరి 11న రువాండాలోని ఐరాస దళాల అధిపతి, కెనడాకు చెందిన జనరల్ డలేర్ న్యూయార్క్‌కు ఒక సందేశం పంపారు. ఆయుధాలు దాస్తున్నారని, టుట్సీలను చంపేందుకు పథకం సిద్ధమవుతోందని లోపలి మనిషి చెప్పిన సమాచారం అది. ఆయుధాల డంపుల మీద దాడి చేస్తామన్నారాయన. అది మీ అధికార పరిధిలోకి రాదంటూ ప్రధాన కార్యాలయం నుంచి జవాబొచ్చింది. ఏప్రిల్‌లో నరమేధం మొదలైంది. వంద రోజుల్లో సుమారు 8 లక్షలమంది చనిపోయారు. కాగితం రాసినవాడు రాశాడు. చదివినవాళ్లు చదవాల్సినట్టు చదవలేదు.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికాలో సంగతి అనుకోనక్కర్లేదు. ఇందాక బస్సు దాటొచ్చిన బొల్లారానికి వెనక్కి వెళ్దాం.

ఆంగ్లేయుల కాలంలో హైదరాబాద్ సంస్థానంలో వాళ్ల ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. కోఠిలో పెద్ద రెసిడెన్సీ, బొల్లారంలో ఊరిబయట విడిది. ఇప్పటి రాష్ట్రపతి నిలయం ఆ విడిదే. నిజాం దర్బారులో ఏం జరుగుతోందో కనిపెట్టి పైకి రాయడం రెసిడెంటు పనుల్లో ముఖ్యమైనది. ఆ శాఖ పేరే పొలిటికల్ డిపార్ట్‌మెంట్! ఉద్యోగం పేరు కొత్తగా వినపడుతున్నా, పని మాత్రం ఈ చెట్ల కింద ఎప్పటినుంచో ఉన్నదే.

ఆంగ్లేయులు వెళ్లిపోయారు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కూ మధ్య యథాతథ ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం రెండువైపులా ఏజెంట్ జనరళ్లను పెట్టుకోవాలి. 1948 జనవరిలో ఢిల్లీ తరఫున కె.ఎం.మున్షీ వచ్చారు. గుజరాతీలో పేరుమోసిన నవలాకారుడు, లాయరు. ఇంతకీ ఆయన్ని దౌత్య ప్రతినిధిగా చూడటం నిజాం సర్కారుకు ఇష్టంలేదు. వ్యాపార వ్యవహారాలు చూసుకునే ఏజెంటే కదా అన్నారు. బస దగ్గరే పేచీ వచ్చింది. చివరికి బొల్లారంలో మకాం పెట్టారు. ఆ ఇల్లే దక్షిణ సదన్.

అక్కణ్నుంచి సర్దార్ పటేల్‌కు, సంస్థానాల శాఖలో వి.పి.మీనన్‌కు కబుర్లు వెళ్లేవి. రజాకార్లు ఏం చేస్తున్నారు, ప్రధాని లాయక్ అలీ ఏమంటున్నారు, కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు ఎలా దిగుతున్నాయి... ఆ విమానాలు నడిపించింది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు. మున్షీ రాసినవాటిలో ఆయన పక్షపాతం కూడా ఉందనే విమర్శ అప్పట్లోనే ఉంది. నిజాం మనుషులు సరే, ఢిల్లీలో కూడా ఆయన మాటను పూర్తిగా నమ్మనివాళ్లున్నారు. ఒక ప్రభుత్వం తరఫున రాసే అధికారికి ఈ చిక్కు ఎప్పుడూ తప్పదు.

అటు నిజాం ప్రభుత్వమూ ఊరుకోలేదు. 1948 ఆగస్టు 21న నేరుగా భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. భారత్ బెదిరిస్తోంది, సరుకులు రానివ్వకుండా దిగ్బంధం చేస్తోంది, కలగజేసుకోండి అని. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ఒక బృందం పారిస్ వెళ్లింది. ఆ ఏడాది సర్వసభ్య సమావేశాలు అక్కడే మరి.

ఫిర్యాదు వెళ్లిన ఆరు రోజులకు, ఆగస్టు 27న, ఇదే కరీంనగర్ రోడ్డు మీదుగా వెళ్లగలిగే సిద్దిపేట ప్రాంతంలోని భైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడ్డాయి. ఊరివాళ్లు బురుజెక్కి ఎదురునిలిచారు. పట్టుబడినవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది.

పారిస్‌లో ఒక పక్క నిజాం బృందం, మరో పక్క భారత్ తరఫున ఎ.రామస్వామి మొదలియార్. ఒకరిది సార్వభౌమాధికారం వాదన. ఇంకొకరిది హైదరాబాద్ అసలు ప్రత్యేక రాజ్యమే కాదు, ఇది మా ఇంటి వ్యవహారం అన్న వాదన. భైరాన్‌పల్లి రైతుకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. ఐరాసకు అప్పటికి మూడేళ్లు. పల్లెల్లో తిరిగి, ఎవరి తరఫునా కాకుండా రాసి పంపే మనిషి హైదరాబాద్‌లో సమితికి లేడు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. మున్షీని నిజాం ప్రభుత్వం నిర్బంధంలో పెట్టింది. 16న భద్రతామండలి సమావేశమై, అసలీ విషయాన్ని చర్చకు తీసుకోవాలా వద్దా అని ఓటింగు పెట్టింది. 8 మంది సరేనన్నారు. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉండిపోయాయి. ఆ మర్నాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. భారత సైన్యం బొల్లారం, సికింద్రాబాద్‌లకు రావచ్చన్నారు. 18న జనరల్ ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి ఎదుట లొంగిపోయారు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నిజాం టెలిగ్రామ్ ఇచ్చారు. ఆయన ఇష్టపడే ఇచ్చారా అన్న అనుమానం మండలిలో వినపడింది. 1949 మే నెలలో మరోసారి చర్చించారు. తీర్మానం లేదు, నిర్ణయమూ లేదు.

కథ అక్కడితో ఆగిపోతే బాగుండేది. సైనిక చర్య జరుగుతున్నప్పుడూ, ఆ తర్వాతా సంస్థానంలోని ముస్లింల మీద ఘోరమైన దాడులు జరిగాయి. నిజం తెలుసుకొమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపింది. ఎంత తక్కువ లెక్క వేసుకున్నా 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని ఆ బృందం రాసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013 ప్రాంతంలో గానీ ఢిల్లీలో పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు. ఆ ఏడాది ఆగస్టులో చచ్చిపోయినవాళ్ల గురించి రాసినవాళ్లున్నారు, సెప్టెంబరులో చచ్చిపోయినవాళ్ల గురించి రాసినవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే కాగితం మీద రాసిన అధికారి కోసం వెతకాల్సిందే. పొలిటికల్ అఫైర్స్ ఆఫీసర్ని అవుతానన్న లా విద్యార్థిని నేర్చుకోవాల్సిన అసలు పాఠ్యపుస్తకం ఈ రోడ్డు మీదే ఉంది మరి!

ఇక ఆ అమ్మాయి సంగతి. మామూలుగా మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, ఆపైన ఏళ్ల తరబడి అనుభవం అడుగుతారు. రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు, న్యాయశాస్త్రం చదివినవాళ్లకు వీలెక్కువ. సచివాలయం పని జరిగేది ఇంగ్లిషు, ఫ్రెంచిలో. అందుకని డిగ్రీ రోజుల్లోనే ఫ్రెంచి మొదలుపెట్టడం తెలివైన పని. అరబిక్ వచ్చినవాళ్లకు మరీ గిరాకీ. 32 ఏళ్లలోపు వాళ్లకు యువ వృత్తి నిపుణుల పరీక్ష ఒకటుంది. కాకపోతే సిబ్బందిలో తగినంతమంది లేని దేశాలవాళ్లకే ఆ అవకాశం. ఏ ఏడాది ఏయే దేశాలో ముందు జాబితా చూసుకోవాలి. సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్‌లోకి వెళ్లడం మనవాళ్లకు అలవాటైన దారి. అక్కడా ఒక విదేశీ భాష నేర్చుకోక తప్పదు.

పెద్దావిడ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. గొడవలున్న దేశాల్లో చాలా చోట్లకు భార్యాబిడ్డల్ని వెంట తీసుకెళ్లనివ్వరు. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐరాస కార్యాలయం మీద బాంబుదాడి జరిగింది. సమితి ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో కలిపి 22 మంది చనిపోయారు. అలాంటి చోట పనిచేసేవాళ్ల ఇళ్లలో రాత్రి ఫోను మోగితే గుండె ఝల్లుమంటుంది.

అయినా వెళ్లినవాళ్లున్నారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన పాటిబండ్ల చంద్రశేఖరరావు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌లో 1996 నుంచి 2017 దాకా న్యాయమూర్తి. 1999 నుంచి 2002 వరకు దాని అధ్యక్షుడు కూడా. ఇక హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్‌ది పక్కా దౌత్యవేత్త కథ. తండ్రి బషీరుద్దీన్ ఉస్మానియాలో జర్నలిజం ప్రొఫెసరు, ఖతార్‌లో భారత రాయబారిగానూ చేశారు. కొడుకు 1985 బ్యాచ్ ఐఎఫ్ఎస్. రెండు వైపులా పనిచేసిన అనుభవం ఆయనది. 2006 నుంచి 2011 దాకా వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఉద్యోగి. అంటే అప్పుడు ఏ ప్రభుత్వం మాటా వినకూడని కుర్చీ! ఆ తర్వాత మళ్లీ సొంత దేశం కుర్చీలోకి వచ్చారు. 2016 జనవరి నుంచి 2020 ఏప్రిల్ వరకు ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధి. 2017 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానానికి దల్వీర్ భండారీ మళ్లీ ఎన్నికై, బ్రిటన్ పోటీ నుంచి తప్పుకున్నప్పుడు ఒక్కో దేశం ఓటూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్న బృందానికి పెద్ద ఆయనే. 1946లో ఆ కోర్టు మొదలయ్యాక బ్రిటన్ జడ్జి లేకపోవడం అదే మొదటిసారి.

ఆయన న్యూయార్క్‌లో ఉన్న ఆ నాలుగేళ్లూ భద్రతామండలి పత్రాల్లో ఒక చిత్రం కొనసాగింది. మండలి ముందున్న అంశాల జాబితాను సచివాలయం ఎప్పటికప్పుడు తయారుచేస్తుంది. అదీ రాజకీయ వ్యవహారాల విభాగం పనే. చాలాకాలం చర్చకు రానివాటిని తీసేయాలి. అయితే ఏదో ఒక సభ్యదేశం ఉంచమని కోరితే మరో ఏడాది ఉంచుతారు. అలా ఉండిపోయినవాటిలో పాలస్తీనా సమస్య, భారత్-పాక్ సమస్యలతో పాటు మూడు ముక్కల పాత పద్దు ఒకటి ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన రాయబారి బల్ల మీదికే ఏటా ఆ కాగితం వచ్చేది. దాని మీద ‘హైదరాబాద్ సమస్య’ అని ఉంటుంది. పక్కన రెండే తేదీలు. 1948 సెప్టెంబరు 16, 1949 మే 24.