చీర గార్డు పీకేసి దాన్ని ఒరిజినల్ అంటారా?

పదిహేను నెలలుగా మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సాగిన యజ్ఞం పోయిన నెల పూర్తయింది. మామయ్య 1990లో కొన్న ఆర్ఎక్స్ 100 బండిని మా ఆయన మళ్ళీ పుట్టించారు. వాకిట్లో నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కొంపల్లి నుంచి ఆయన స్నేహితులు నలుగురు తమ తమ పాత బండ్లేసుకుని వచ్చారు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. ఆ శబ్దానికి పక్కింటి పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు. అబద్ధమెందుకు, నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. మామయ్య మేడ్చల్ నుంచి వస్తుంటే అత్వెల్లి మలుపు దగ్గరే వినపడే చప్పుడది.

అప్పుడు అత్తమ్మ గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. మెరిసే ట్యాంకు వైపు చూడలేదు. మెల్లగా బండి ఎడమ పక్కకు వెళ్ళి, వెనక చక్రం దగ్గర గాల్లో చెయ్యి పెట్టి తడిమింది.

"కొడుకా, నా కడ్డీలేవిరా?"

మగవాళ్ళకెవరికీ అర్థం కాలేదు. నాకైంది. ఆమె అడుగుతున్నది చీర గార్డు గురించి. మా ఆయన స్నేహితుడొకాయన నవ్వుతూ, "అది తీసేస్తేనే అమ్మా లుక్కు. ఇప్పుడే ఒరిజినల్‌గా ఉంది" అన్నాడు. అత్తమ్మ ఇంకేమీ అనలేదు. లోపలికెళ్ళి మంచం మీద కూర్చుంది. కొబ్బరిముక్క ఇస్తే కూడా పక్కన పెట్టేసింది.

ఆ "ఒరిజినల్" అన్న మాట మీదే నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందే చెబుతున్నా, నాకు పాత బండ్లంటే పగ లేదు. ఇంట్లో చోటు పోయిందనీ డబ్బు తగలేశారనీ ఏడుపు కాదిది. లక్ష దాటిన ఖర్చులో నేను దాచుకున్నదీ ఉంది. ఆయన బండి విప్పుకుని కూర్చున్న ఆదివారాలన్నీ నేనూ పక్కనే ఉన్నాను. సైలెన్సర్లో ముప్ఫై ఏళ్ళుగా గడ్డకట్టిన మసిని కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టింది నా బకెట్టులోనే. హ్యాండిల్ క్రోమ్ మీద తుప్పుకు ఏవేవో సీసాలు తెప్పిస్తుంటే, రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితం నీళ్ళలో తడిపి రుద్దమని చెప్పింది నేనే. పది నిమిషాల్లో పోయింది. ఆ ఇంజను నాకిప్పుడు మిక్సీ అంత పరిచయం. యాభై మిల్లీమీటర్ల బోరు, యాభై మిల్లీమీటర్ల స్ట్రోకు, లెక్క కడితే 98 సీసీ. పెట్రోల్లో ఆయిల్ చేత్తో కలిపే పని లేకుండా వేరే చిన్న ట్యాంకు, దాని నుంచి కొంచెం కొంచెంగా నూనె తోసే పంపు. బోరు అరిగితే కొద్దిగా సాగదీయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. అతుకు వేసినట్టు తెలియకుండా రవికె వదులు చేయడం లాంటిదే, వాళ్ళు దానికి పెద్ద పేరు పెట్టుకున్నారు.

ఈ జపాన్ ఇంజన్లు మన రోడ్లమీదికి గుంపుగా వచ్చింది ఎనభైల్లోనే. అంతకుముందు బుల్లెట్టు, యెజ్డీ, పాత రాజ్‌దూత్, స్కూటర్లు. 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో తెచ్చారు. ఆ తర్వాత రెండుమూడేళ్ళలో ఇండ్-సుజుకీ, హీరో హోండా సీడీ 100, ఆర్ఎక్స్ 100, కవాసాకీ బజాజ్ వరసగా దిగాయి. ఆర్ఎక్స్ 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. ఆగిపోయింది కనకనే ఇప్పుడింత మోజు. అర్థం చేసుకోగలను. మా అమ్మ ఇత్తడి బిందెల మీద నాకున్నదీ అలాంటి మోజే.

కానీ ఒక్క సంగతి చెప్పండి. ఈ బండ్లు కొన్న ఇళ్ళలో వాటిమీద ఎవరు తిరిగారు? ఒంటరి కుర్రాళ్ళేనా? మా బండి కాగితాల్లో మామయ్య పేరుంది. డబ్బు అత్తమ్మ చిట్టీది, చాలకపోతే తాకట్టు పెట్టిన ఆమె పుస్తెలతాడుది. పొద్దున్నే కూరగాయల సంచులతో మేడ్చల్‌కు, సాయంత్రం తిరిగి ఇంటికి, నెలలు నిండినప్పుడు ఆసుపత్రికి, మా ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి, ఇరవై ఏళ్ళు ఆ వెనక సీటు మీద పక్కకు కూర్చుని తిరిగింది. రెండు కాళ్ళూ ఆనించుకున్నది చీర గార్డు కింద పట్టీ మీద. సంచీ తగిలించింది గార్డు కడ్డీలకే. ఆ కడ్డీలు ఒకచోట కొంచెం వంగి ఉండేవి, వాన రోజు గుంతలో పడ్డప్పటి వంకర అది. మామయ్య చేతి గుర్తు హ్యాండిల్ మీదుంటే, అత్తమ్మ పాదాల గుర్తు ఆ పట్టీ మీద ఉండేది. హ్యాండిల్‌కు కొత్త క్రోమ్, పట్టీకి పాత ఇనుము కొట్టు. కిలోల లెక్కన వేసేశారు.

"జపాన్‌లో ఆ గార్డు ఉండదు, మనవాళ్ళు తగిలించిందే కదా" అని వీళ్ళ వాదన. సరే. అయితే ఆ నలుగురిలో ఒకాయన రాజ్‌దూత్ 350 సంగతి చూద్దాం. జపాన్ ఆర్‌డీకి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండేది. ఇక్కడ తయారైన దానికి డ్రమ్ము బ్రేకే పెట్టారు. ఈయన ఎక్కడెక్కడో వెతికి, విదేశం నుంచి తెప్పించి మరీ డిస్కు బిగించుకున్నాడు. అంటే షోరూం నుంచి రానిది తగిలిస్తే ఒరిజినల్, షోరూం నుంచి వచ్చింది పీకేస్తే అదీ ఒరిజినల్! ఆగడం కుదరక, ప్రాణభయంతో డిస్కు పెట్టుకున్నానంటాడు. నేను కాదనలేదు. మరి ముందు కూర్చున్నవాడి ప్రాణానికి ఇంత విలువుంటే, వెనక కూర్చున్నదాని ప్రాణం లుక్కుకు అడ్డమెలా అయింది?

ఇది మాటవరసకు అంటున్నది కాదు. 1996లో మా చిన్నమ్మ, చిన్నాయన తూప్రాన్ నుంచి నాగపూర్ రోడ్డు మీద వస్తున్నారు. సెకండ్ హ్యాండ్ బండి. అంతకుముందున్న కుర్రవాడెవరో స్టైలు కోసం గార్డు తీసేశాడట. పెళ్ళికి కట్టుకున్న సిల్కు చీర, జారే చీర. కొంగు గాలికి ఎగిరి చక్రం పుల్లల్లో పడింది. చీర చుట్టుకుంటూ పోతుంటే మనిషిని వెనక్కి లాగేస్తుంది, అరిచే వ్యవధి కూడా ఉండదు. చిన్నమ్మకు తల వెనక ఏడు కుట్లు, కుడి మణికట్టు విరిగింది. ఒళ్ళో ఉన్న మా తమ్ముడు ఎగిరి దున్నిన చేలో పడ్డాడు, మెత్తటి మట్టి కాబట్టి బతికాడు. చిన్నమ్మ ఆ రోజు నుంచి ఈ రోజు వరకు బండెక్కలేదు. ఆటో దొరక్కపోతే నడిచే వస్తుంది. ఆమెకు లుక్కు గురించి ఎవరైనా చెప్పగలరా?

చట్టం కూడా మన పక్షానే ఉంది, చాలామంది ఆడవాళ్ళకు తెలియదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. మోటారు సైకిలు తయారుచేసేవాళ్ళు వెనక కూర్చునేవాళ్ళకు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రం కనీసం సగం కప్పే అడ్డు ఇవ్వాలి. ఇంజను శక్తి ఎంత, రంగేది అన్నది కంపెనీ ఇష్టం. మన చీరకు అడ్డు మాత్రం వాళ్ళ ఇష్టానికి వదలలేదు. ఇంకొకటి. వింటేజ్ బండి అంటూ గొప్పలు పోతారు కదా, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు నిండాలి, అసలు రూపం చెడకుండా ఉండాలి. మా బండికి ఆ హోదా 2040 దాకా రాదు. అంటే ఇప్పుడు మీరు కోసి పారేస్తున్నది రేపటి వింటేజ్‌నే.

"ఇప్పుడెవరు పక్కకు కూర్చుంటున్నారు, అందరూ రెండు పక్కలా కాళ్ళేసే కూర్చుంటున్నారు" అన్నది ఇంకో వాదన. అలా కూర్చోవడమే క్షేమం, మా అమ్మాయికి నేనూ అదే చెబుతాను. కానీ మంచి ముహూర్తాలున్న ఆదివారం మేడ్చల్ రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడండి. పట్టుచీరలు, ఒళ్ళో పిల్లలు, చేతిలో చదివింపుల కవర్లు. వాళ్ళంతా ఎలా కూర్చున్నారో లెక్కపెట్టండి. పోనీ రెండు పక్కలా కూర్చున్న పిల్లల చున్నీ సంగతో? దానికీ ఆ అడ్డు కావాలి. మా అత్తమ్మ మోకాళ్ళను రెండు పక్కలా వేయమని చెప్పడానికి ఎవరికి ధైర్యముంది?

మా ఆయనకు నేను చెప్పిన కథ ఒకటుంది. జపాన్ బండ్ల భక్తులందరూ హోండా సోయిచిరో పేరు చెబితే చేతులు జోడిస్తారు. ఆయన 1946లో హమమత్సులో, సైన్యం వైర్‌లెస్ సెట్లకు వాడి వదిలేసిన చిన్న జనరేటర్ ఇంజను తెచ్చి సైకిలుకు తగిలించాడు. మొదట్లో పెట్రోలు ట్యాంకు కింద వాడింది వేడినీళ్ళ సీసా. దాన్ని జనం మధ్యలో తొక్కి చూపించింది ఎవరనుకున్నారు? ఆయన భార్య సాచీ. తిండి సరుకుల కోసం ఆమె సైకిలు తొక్కీ తొక్కీ అలిసిపోతుంటే చూడలేక చేశానని ఆయన తర్వాత చెప్పుకునేవాడట. అదంతా వినడానికి బాగుండాలని అల్లిన మాట, ఆడవాళ్ళు నడపగలరో లేదో చూడ్డానికి నన్ను వాడుకున్నాడని ఆమె నవ్వుతూ చెప్పింది. (ఈ భార్యాభర్తల కథ ఏ దేశంలోనైనా ఇంతే.) నలుగురిలోకి వెళ్తున్నానని మంచి బట్టలు వేసుకుంది, తిరిగొచ్చేసరికి అవి నూనెతో తడిసిపోయాయి. ఇలా ఉంటే కొన్నవాళ్ళు వచ్చి తిడతారని మొగుడికి చెప్పింది. మామూలుగా విసుక్కునే మనిషి, ఆ రోజు మాత్రం నిజమే కావచ్చన్నాడట. అమ్మకానికి వచ్చేసరికి ఆ లోపం సరిచేశాడు.

చూశారా, జపాన్ బండి కథ మొదలైందే ఒక ఇల్లాలి బట్టలు పాడవడంతో, ఆమె నోరు విప్పి చెప్పడంతో. 1958లో వాళ్ళు తెచ్చిన సూపర్ కబ్ కూడా అంతే. కాలెత్తి దాటక్కర్లేని నడుము, కాళ్ళమీద బురద పడకుండా ముందు అడ్డు. ఆ బండ్లు 2017 నాటికి పది కోట్లు తయారయ్యాయి. బట్టలను లెక్కచేసినందువల్ల ఆ కంపెనీ నామోషీ పడిందా? ఆ హోండా గారి ఫొటో షెడ్డులో పెట్టుకున్నవాళ్ళు చీర గార్డును తుప్పు కొట్టుకు వేస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇదంతా ఒక రాత్రి అన్నం దగ్గర చెప్పేశాను. మా ఆయన చెడ్డ మనిషి కాదు. విన్నారు. "నాకసలు అది బండిలో భాగమని తోచలేదు" అన్నారు. ఆ ఒక్క మాట నన్ను మిగతా వాదనలన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. ఆయన పుట్టకముందు నుంచీ, కడుపులో ఉన్నప్పటినుంచీ ఆ కడ్డీల పక్కనే తిరిగిన మనిషి!

మర్నాడు నేనే బయల్దేరాను. మా పాత ఇనుము కొట్టులో మాది దొరకలేదు, ఎప్పుడో కరగబెట్టడానికి వెళ్ళిపోయింది. నాలుగు చోట్ల అడిగితే సికింద్రాబాద్‌లో పాత సామాన్ల కొట్లో అదే మోడల్ గార్డు దొరికింది. తుప్పు పట్టి ఉంది, కింద పట్టీ మాత్రం గట్టిగా ఉంది. నాలుగు వందలు చెప్పాడు, రెండు వందల యాభైకి ఇచ్చాడు. "ఇది ఎవరూ అడగరమ్మా, అందరూ పీకించుకోవడానికే వస్తారు" అన్నాడు. ఇంటికి తెచ్చి మూడు మధ్యాహ్నాలు కాగితంతో రుద్దాను. అత్తమ్మ మంచం మీద కూర్చుని ఒక పక్క తనూ రుద్దింది.

ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. గార్డు బిగించే చిన్న ఇనప చెవులను కూడా కోయించేసి, ఫ్రేము నున్నగా గీకించి రంగు వేయించారట. మళ్ళీ అతికించాలంటే వెల్డింగు చేయాలి. చేస్తే ఆ చుట్టూ కొత్త రంగు కాలిపోతుంది. మా ఆయన రెండు రోజులుగా బండి చుట్టూ తిరుగుతూ, వేలితో ఆ చోటు నిమురుతూ, "రంగు పోతుందే" అంటున్నారు.

నిన్న అత్తమ్మ లోపలి నుంచే గట్టిగా అంది: "పోనీరా. మళ్ళ ఏస్కో. నన్ను మాత్రం మల్లన్న జాతరకు గా బండి మీదనే తీస్కపోవాలె."

వెల్డింగు అబ్బాయి గురువారం వస్తానన్నాడు.