ఉపవాస వేళ కణాలకు శక్తి ఎక్కడిది?

సహరీలో చివరి గుక్క నీరు త్రాగి లేచిన తరువాత సూర్యాస్తమయం వరకు మనం ఏమీ తినము, త్రాగము. అయినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. మెదడు ఆలోచిస్తూనే ఉంటుంది. ఈ పనులకు శక్తి ఎక్కడి నుండి వస్తున్నదో ఈ నెల పరిశీలిద్దాము.

శరీరంలోని ప్రతి కణంలోనూ ఎడతెగక రసాయన చర్యలు జరుగుతుంటాయి. కొన్ని చర్యలు ఆహార పదార్థాలను విడగొట్టి శక్తిని రాబడతాయి. మరికొన్ని ఆ శక్తితో కణానికి కావలసిన పదార్థాలను నిర్మిస్తాయి. ఈ రెండింటినీ కలిపి జీవక్రియ అంటారు.

మనం తిన్న అన్నం, రొట్టె జీర్ణమై గ్లూకోజుగా రక్తంలో చేరతాయి. కణంలో గ్లూకోజు ఒక్కసారిగా మండిపోదు. ఎంజైముల సాయంతో మెట్టుమెట్టుగా విడిపోతుంది. అలా వెలువడిన శక్తితో ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది. పెద్ద నోటు చూపితే కొత్తిమీర కట్ట దొరకదు, చిల్లర కావాలి. కణానికి ఏటీపీ అటువంటి చిల్లర. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి దీనిని కండరాలలో కనుగొన్నారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు.

కణంలోని ఏటీపీ కొద్ది క్షణాలకే సరిపోతుంది. కనుక ఖర్చయినది ఖర్చయినట్లే మళ్ళీ తయారు కావాలి. ఉపవాస వేళ అందుకు కావలసిన ఇంధనం శరీరంలోని నిల్వల నుండి వస్తుంది. భోజనానంతరం ఇన్సులిన్ ప్రభావంతో కాలేయం సుమారు 100 గ్రాముల వరకు గ్లూకోజును గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. పగలు గడిచేకొద్దీ గ్లూకగాన్ అనే హార్మోను ఆ నిల్వను విడుదల చేయిస్తుంది. సాయంత్రానికి నిల్వ తరిగేసరికి కొవ్వు కరగడం అధికమవుతుంది.

ఆరోగ్యవంతులలో ఈ ఏర్పాటు చక్కగా సాగిపోతుంది. మధుమేహానికి ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారి సంగతి వేరు. ఆహారం లేకున్నా మందు తన పని తాను చేస్తూనే ఉంటుంది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు దానికి సూచనలు. అయినా "ఇంకొక గంటే కదా" అని ఓర్చుకునే పెద్దలను మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాము. ఆ గంటలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది.

చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతున్నారు. వ్యాధిగ్రస్తులకు ఖుర్ఆన్ వెసులుబాటు ఇచ్చింది. దానిని వాడుకోవడం భక్తిలో లోపం కాదు. వేలి నుండి చుక్క రక్తం తీసి పరీక్షించుకున్నందువల్ల ఉపవాసం భంగం కాదని ధర్మవేత్తలు వివరించారు. రమజాన్‌కు ఒకటి రెండు నెలల ముందే వైద్యుని సంప్రదించి, ఉపవాసం పాటించవచ్చునా, మందుల మోతాదు, వేళలు ఎలా మార్చుకోవాలి అన్నవి తెలుసుకోవాలి. అమ్మానాన్నలు వెనుకాడితే వారిని వెంటబెట్టుకొని వెళ్ళవలసిన బాధ్యత పిల్లలమైన మనదే.