దీపం సరే, నూనె ఎవరు పోస్తారు?

చీకటి పడ్డాక విజయవాడ బందరు రోడ్డు మీద వెళ్లేవారు స్వరాజ్య మైదానం దగ్గరకు రాగానే తలెత్తి చూస్తారు. దీపాల వెలుగులో అంబేద్కర్ విగ్రహం నిలబడి ఉంటుంది. కంకిపాడు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి కూడికలకు వచ్చిన మన విశ్వాసులు కూడా అక్కడ ఆగి, పిల్లలకు చూపించి, ఫోటో దిగి వెళ్తుంటారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. మన సంఘాల్లో చాలా ఇళ్ల గోడల మీద ఆయన పటం ఉంది. చదువుకో, తలెత్తుకో అని మన తాతలకు ధైర్యం చెప్పినవారిలో ఆయనొకరు.

2020 జూలైలో శంకుస్థాపన జరిగిన ఈ సామాజిక న్యాయ మహాశిల్పాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, మొత్తం 206 అడుగులు. సుమారు 18.81 ఎకరాల ఆవరణ, 400 కోట్ల రూపాయలకు పైగా ఖర్చు. ఒకప్పుడు పుస్తక మహోత్సవాలు, బహిరంగ సభలు, రైతు బజారు నడిచిన మైదానం అది. ఊరంతటికీ చెందిన ఆ నేలను ఒక జ్ఞాపకానికి ఇచ్చారు కాబట్టి, ఆ జ్ఞాపకం కూడా ఊరంతటికీ చెందాలి.

ఈ ఊరికి ఇది కొత్త అనుభవం కాదు. రైల్వే స్టేషన్ దగ్గర గాంధీ కొండ మీది 52 అడుగుల స్తూపాన్ని 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. గాంధీ జీవితాన్ని వెలుగుతోనూ ధ్వనితోనూ చెప్పే ప్రదర్శనను కూడా ఆ కొండ మీద ఏర్పాటు చేశారు. కొండ మీద ఒకరు, మైదానంలో ఒకరు. బ్రతికి ఉండగా ఎన్నో విషయాల్లో విభేదించుకున్న ఇద్దరినీ ఒకే ఊరు పెట్టుకుంది. బాగానే ఉంది. అయితే ఈ రెండు చోట్లా మనం అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది.

రాతికి, కంచుకు ఒకసారి ఖర్చు పెడితే తరాలు నిలబడతాయి. వెలుగు, ధ్వని అలా కావు. అవి ప్రతి రాత్రీ కొత్తగా పుట్టాలి. బల్బు మాడిపోతుంది, తీగలోకి వాన నీరు దిగుతుంది, స్పీకర్ బొంగురుపోతుంది, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. వాటిని చూసుకునే ఎలక్ట్రీషియన్‌కు, ఊడ్చే మనిషికి, కాపలావాడికి జీతం అందాలి. ఆవిష్కరణ నాడు రిబ్బను కత్తిరించడానికి చాలా చేతులు లేస్తాయి. అయిదో ఏట వానాకాలంలో ఫ్యూజు వేయడానికి ఏ చేయీ కనబడదు. శాశ్వత దీపం అంటే కట్టడం కాదు, ప్రతి రాత్రీ నిలబెట్టుకోవలసిన మాట.

ఆ మాట పార్టీ చేతికి చిక్కితే ఏమవుతుందో 2024 ఆగస్టులో చూశాం. విగ్రహ ఆవరణలో ఉన్న అప్పటి మాజీ ముఖ్యమంత్రి పేరు అక్షరాలను తొలగించడం మీద పెద్ద రగడ జరిగింది. దీపాలు ఆర్పి మరీ ఆ పని చేశారన్న ఆరోపణ వచ్చింది. ఎవరిది తప్పు అని తేల్చడం ఈ సంపాదకీయం పని కాదు. శిలాఫలకం మీద ఎవరి పేరు ఉండాలన్న తగవులో అసలు మనిషి చెప్పిన మాట మరుగున పడిందన్నదే మన బాధ.

నెల తిరగకుండానే బుడమేరు పొంగింది. సింగ్ నగర్ లాంటి పేటల్లో వేల కుటుంబాలు రోజుల తరబడి కరెంటు లేక, మంచినీళ్లు లేక డాబాల మీద గడిపాయి. మరో ఏడు వారాలకు, అక్టోబరు 22న, పున్నమి ఘాట్ దగ్గర ఆకాశంలో 5,500 డ్రోన్లు బొమ్మలు గీశాయి. గిన్నిస్ రికార్డులు వచ్చాయి. సంతోషమే. అయినా మునిగిన వీధిలోని తల్లి ఆ వెలుగును ఏ మనసుతో చూసి ఉంటుంది? ఊరి వేడుకల వెలుగుకు కొలమానం ఊరి చివరి వీధి దీపమే.

ఇక ధ్వని సంగతి. ఇక్కడ వేలు మనవైపు కూడా తిరుగుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకులు మోగకూడదు. ప్రభుత్వ ప్రదర్శనకు ఈ నియమం గుర్తుచేసే ముందు, మన ఉపవాస కూడికల మైకు ఏ వైపు తిరిగి ఉందో చూసుకుందాం. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్ల, నిద్రపట్టని ముసలాయన మన పొరుగువారు కారా? వారిని మేలుకొలిపిన శబ్దం సువార్త అనిపించుకోదు.

గుడారంలోని దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండాలని దేవుడు మోషేతో చెప్పినప్పుడు, దానికి నూనె తెచ్చే బాధ్యత ప్రజలందరిమీదా పెట్టాడు. యాజకుడు చూసుకుంటాడు, జనం నూనె తెస్తారు. అందుకే అది ఎవరి సొంత దీపమూ కాలేదు. ఆ దీపం ఇంకా ఆరిపోకముందే బాలుడైన సమూయేలు దేవుని పిలుపు విన్నాడు. పక్కనే పడుకున్న పెద్ద యాజకుడికి కాదు, చిన్నవాడికి వినబడింది. ఆ స్వరానికి మైకు అక్కరలేకపోయింది.

కాబట్టి కాపరులకు, సంఘ పెద్దలకు మనవి. మీ వార్డు కార్పొరేటర్‌ను అడగండి: గాంధీ కొండకూ స్మృతివనానికీ ఏటా నిర్వహణ సొమ్ము ఎంత కేటాయిస్తున్నారు, దీపం ఆరితే ఎవరికి చెప్పాలి, పేదవాడు ఇంటిల్లిపాదితో లోపలికి రావడానికి అడ్డంకులేమైనా ఉన్నాయా? ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే అడగండి. సండే స్కూలు పిల్లలను తీసుకెళ్లినప్పుడు విగ్రహం ఎత్తు చెప్పి ఊరుకోకండి. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 17వ అధికరణం గురించి చెప్పండి. తిరిగి వచ్చాక మన వీధిలో వెలగని స్తంభం ఎక్కడుందో వారినే వెతకమనండి.

ఎత్తయిన దీపాన్ని చూడటానికి అందరం వెళ్దాం. నూనె పోసేవారిలో మనమూ ఉందాం.