ప్రమాదం మరచినా జాగ్రత్త మరువరాదు



సెలవులు వచ్చాయంటే మన సంఘాల్లో యవనస్థులు, సండేస్కూలు పిల్లలు విహారయాత్రలకు బయలుదేరుతారు. శంషాబాదు నుండి బస్సు మాట్లాడుకుని కొందరు నాగార్జునసాగర్‌కు, కొందరు పాపికొండలకు వెళ్తారు. అంత దూరం వెళ్లలేనివారు హుస్సేన్‌సాగర్‌లో బోటు ఎక్కుతారు. సంతోషంగా వెళ్లి రావలసిందే. అయితే ఆ బోటు క్షేమంగా ఒడ్డుకు చేరాలంటే ప్రభుత్వం చేయవలసిన పని కొంత, మనం చేయవలసిన పని కొంత ఉన్నాయి. ఈ రెండూ ప్రమాదం జరిగిన నెలలో మాత్రమే కాక, ఏటేటా సాగాలన్నది నా అభిప్రాయం.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణానదిలో అనుమతి లేని బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. మన హైదరాబాదు, వరంగల్ ప్రాంతాల వారు కూడా ఆ బోటులో ఉన్నారు. 2025 జనవరి 26 రాత్రి హుస్సేన్‌సాగర్‌లో బాణసంచా ఉన్న బోట్లకు నిప్పంటుకుని ప్రాణాలు పోయాయి. ఈ మూడూ ఆదివారాలే. సెలవు రోజున రద్దీ ఎక్కువ, తొందర ఎక్కువ, అడిగేవారు తక్కువ.

కచ్చులూరు తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విహార బోట్లను ఆపి, నదుల వెంట తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించింది. బోటు కదిలే ముందే అనుమతి, నీటిమట్టం, ఎక్కినవారి సంఖ్య, లైఫ్ జాకెట్లు, నడిపేవారు తాగి ఉన్నారా లేదా అన్నవి చూడాలన్నది దాని ఉద్దేశం. 2021లో కేంద్రం కూడా 1917 నాటి పాత చట్టాన్ని తీసివేసి కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చింది. ఇవన్నీ మంచి పనులే. కానీ కాలం గడిచేకొద్దీ "ఏ ప్రమాదమూ లేదు గదా, ఇంతమంది సిబ్బంది ఎందుకు, ఈ ఖర్చు ఎందుకు" అనే మాట వస్తుంది.

దానికి నర్సుగా నా జవాబు ఇది. 2014 మార్చిలో మన దేశం పోలియో లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అయినా మనం పిల్లలకు చుక్కలు వేయటం మానలేదు. చుక్కలు వేస్తున్నాం కాబట్టే జబ్బు రావటం లేదు. బోట్ల తనిఖీ కూడా అంతే. వరద రోజున బోటు ఆపితే బోటువారి కూలి పోతుందన్నది నిజమే. కాని ఒక్క ప్రమాదంతో నెలల తరబడి అందరి బోట్లూ ఆగిపోయాయి, అందరి కూలీ పోయింది. కనుక ఆంధ్రలో ఆ ఏర్పాటు కొనసాగాలి. తెలంగాణలోనూ బోటు తిరిగే ప్రతి చోటా అటువంటి తనిఖీ, నడిపేవారికి శిక్షణ, ఎక్కేవారికి రెండు నిమిషాల సూచనలు తప్పనిసరి కావాలి.

నీటిలో మునిగినవారికి ఆసుపత్రి చాలా దూరం. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది. తరువాత మేము ఎంత చేసినా పోయినది తిరిగి రాకపోవచ్చు. అందుకే ఈ క్రింది సంగతులు గుర్తుంచుకోండి.

ఒడ్డునే లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలు బిగించుకోండి. పిల్లలకు వారి కొలత జాకెట్టే అడగండి. ఉక్కపోస్తోందనో, భోజనాలనో, ఫొటో కోసమనో తీయవద్దు. అందరూ ఒకే పక్కకు చేరవద్దు. ఎవరినైనా నీటిలోనుండి తీస్తే తలక్రిందులుగా పట్టుకోవద్దు, పొట్ట నొక్కవద్దు. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కుతూ ఉండండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నా దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకురండి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ప్రయాణం అపాయమని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఆయన మాట కంటే నావికుని మాట, ఓడ యజమాని మాట ఎక్కువ నమ్మాడు. దేవుని కృపవలన 276 మందీ బతికారు గాని ఓడ పోయింది. హెచ్చరించేవాడు పిరికివాడు కాడు. కాబట్టి పాస్టరుగార్లకు, యవనస్థుల నాయకులకు నా మనవి: ప్రతి యాత్రకు ఒక పెద్దను దీనికోసమే నియమించండి. అనుమతి పత్రం, జాకెట్లు చూసి, సరిగా లేకపోతే "మేము ఎక్కము" అని చెప్పే అధికారం ఆయనకు ఇవ్వండి. బోటు టికెట్టు డబ్బు పోతే పోనివ్వండి, పిల్లలందరూ ఇంటికి చేరితే చాలు.