బై మంత్లీ అంటే ఎప్పుడు?

తప్పు నాదే, అది ముందే చెప్పేస్తున్నా. సెమిస్టర్ మొదట్లో మన ఈ-మ్యాగజైన్‌కి రచనలు పంపమని పోస్టర్ చేసింది నేనే. పైన పెద్ద అక్షరాలతో ‘బై మంత్లీ’ అని పెట్టాను. నా లెక్కలో రెండు నెలలకోసారి. మా సీఎస్‌ఈ సెకండ్ ఇయర్‌లోనే ఇంకో అమ్మాయి దాన్ని నెలకి రెండుసార్లు అని చదువుకుంది. ఈ సంచిక తప్పిపోయినా పదిహేను రోజుల్లో ఇంకోటి ఉంటుంది కదా అని, వాళ్ల నాయనమ్మ మీద రాసిన కథని దిద్దుకుంటూ కూర్చుంది. తర్వాతి సంచిక ఎప్పుడో తెలిశాక నాకు ఒకే మెసేజ్ పెట్టింది: “అప్పటికి నాయనమ్మ ఊరెళ్లిపోతుంది. మ్యాగజైన్‌లో వచ్చిందని చూపిద్దామనుకున్నా.”

డిక్షనరీ చూపించి వాదిద్దామనుకున్నా. తీస్తే తెలిసింది, తను కూడా కరెక్టే. ఇంగ్లిష్ డిక్షనరీలే ఆ మాటకి రెండు అర్థాలూ ఇస్తాయి. బై వీక్లీదీ అదే కథ. వాటిలో ‘ఫోర్ట్‌నైట్లీ’ ఒక్కటే కాస్త నమ్మదగ్గది.

సాయంత్రం తార్నాకలో ఇంటికెళ్లి తాతయ్యకి చెప్పాను. “మీది పక్షపత్రికా, ద్వైమాసికా? ఆ ముక్క రాస్తే సరిపోయేది కదా” అన్నాడు. పక్షం అనగానే నాకు ప్రతిపక్షం గుర్తొచ్చింది, ఏదో పార్టీ పేపర్ అనుకున్నా. కాదట. అమావాస్య నుంచి పౌర్ణమి దాకా ఒక పక్షం, అక్కడి నుంచి మళ్లీ అమావాస్య దాకా ఇంకోటి. త్రైమాసిక అంటే నెలకి మూడుసార్లు అనుకునేదాన్నని కూడా ఒప్పుకున్నాను. తాతయ్య చాలాసేపు నవ్వాడు. అది మూడు నెలలకోసారి. ఇంగ్లిష్‌లో క్వార్టర్లీ అంటే ఏడాదిని నాలుగు ముక్కలు చేసి అందులో ఒకటి మనమే లెక్కేసుకోవాలి. త్రైమాసిక అంటే ఎన్ని నెలలు ఆగాలో ఆ మాటలోనే ఉంది. వార్షికకి ముందు ‘అర్ధ’ పెడితే ఆరు నెలలు, ‘ద్వై’ పెడితే రెండేళ్లు. పదమూడేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివి ఇవన్నీ ఒక్క సాయంత్రంలో నేర్చుకున్నాను.

ఇవేవీ ఎవరో పండితులు తయారుచేసి డిక్షనరీలో దాచిన మాటలు కావు. కృష్ణా పత్రిక 1902లో మచిలీపట్నంలో పక్షపత్రికగానే మొదలైంది, వారపత్రిక అయింది తర్వాత. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో పెట్టిన ఆంధ్రపత్రిక మొదట వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక. 1924లో ఆయనే తెచ్చిన ‘భారతి’ మాసపత్రిక. మన హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడిగా 1926లో మొదలైన గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది. ఇలాంటి దాన్ని ద్వైవారపత్రిక అంటే మాత్రం తెలుగు కూడా బై వీక్లీ గోతిలోనే పడుతుంది. అలాంటి చోట ‘వారానికి రెండుసార్లు’ అని విడమర్చి రాయడమే మంచిది.

నేను భాషని ఉద్ధరించడానికి దిగానని అనుకోకండి. తార్నాకలో పేపర్ల షాపుకెళ్లి ‘స్వాతి’ అడిగితే “వీక్లీనా, మంత్లీనా?” అంటారు. ఆ రెండూ ఎప్పుడో తెలుగైపోయాయి, వాటితో నాకే గొడవా లేదు. (ఆ వీక్లీ తనని తాను ‘సపరివారపత్రిక’ అని చెప్పుకుంటుంది. లోపల వారపత్రిక దాక్కుని ఉందని ఇన్నేళ్లూ మా ఇంట్లో చూస్తూ కూడా నేను గమనించలేదు.) పీరియాడికల్‌కి ‘నియతకాలికం’ అని ఒక మాట ఉంది. నాకు నచ్చలేదు. లైబ్రరీ బీరువా మీద బాగానే ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో ఎవరూ టైప్ చేయరు.

అసలు లైబ్రరీలో పీరియాడికల్స్ సెక్షన్ అన్నా చాలు, మా బ్యాచ్‌లో ఎవడో ఒకడు కిసుక్కున నవ్వుతాడు. క్లాసుకీ పీరియడే, నెలసరికీ పీరియడే, మూలకాల ఆవర్తన పట్టికకీ అదే మాట. తెలుగులో నెలసరిని నెలసరి అంటే నవ్వడానికి ఏమీ మిగలదు.

మన ఉస్మానియా 1918లో ఉర్దూ మీడియంలో మొదలైంది. పాఠ్యపుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి, అంతకు ముందు ఏడాదే ఒక అనువాద సంస్థ పెట్టారు. ఉర్దూలో దినపత్రిక రోజ్‌నామా, మాసపత్రిక మాహ్‌నామా. అక్కడా ఎన్నాళ్లకోసారో పేరులోనే ఉంది.

మనం సీఎస్ వాళ్లం కదా, క్రాన్ జాబ్ సంగతి చూడండి. రోజూ, వారానికోసారి, నెలకోసారి, ఏడాదికోసారి నడపడానికి అందులో రెడీమేడ్ మాటలున్నాయి. బై మంత్లీకి లేదు. నెల గడిలో స్టార్, స్లాష్, రెండు అని మనమే రాయాలి. సర్వర్‌కి అంత స్పష్టంగా చెప్పేదాన్ని, పోస్టర్ మీద క్లాస్‌మేట్‌కి చెప్పలేకపోయాను.

అందుకే ఎడిటోరియల్ మీటింగ్‌లో అడిగాను: కవర్ మీద ‘ద్వైమాసిక’ అని వేద్దాం, కింద చిన్నగా ‘రెండు నెలలకోసారి’, దాని పక్కనే తర్వాతి సంచిక తేదీ. మొదటి రెండింటికీ అందరూ సరే అన్నారు. తేదీ దగ్గర ఆగిపోయారు. “డేట్ వేస్తే, లేటైతే దొరికిపోతాం కదా” అన్నారు ఒకరు. దొరకాలి మరి. పేరులో ఎన్నాళ్లో చెప్పి, ఏ రోజో చెప్పకపోతే, సెమిస్టర్ ఎగ్జామ్స్ రాగానే ద్వైమాసిక కాస్తా త్రైమాసిక అయిపోతుంది. ఇంతకుముందు మనకి అదే జరిగింది, ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది. కానీ రాసేవాళ్లు మన క్యాలెండర్ చూసుకునే రాస్తారు. వాళ్లకి ల్యాబ్‌లు, ఇంటర్నల్స్ ఉంటాయి, ఊరెళ్లిపోయే నాయనమ్మలుంటారు.

ఆ కథ తర్వాతి సంచికలో వస్తుంది. ఈలోగా ఆవిడ కోసం తార్నాకలో ఒక జిరాక్స్ షాపులో పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయించాం, ఏడు పేజీలు వచ్చింది. ఊరెళ్లేముందు ఆవిడ చదివి, “మరి పుస్తకంలో ఎప్పుడొస్తుందే?” అని అడిగిందట. తను నన్ను అడిగింది. తేదీ సంగతి మీటింగ్‌లో ఇంకా తేలలేదు.