జపాను భాషకు ఎన్ని పుస్తకాలు కావాలి?

గురువు ఎదురుగా లేకుండా చదువుకోవడం అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. పగలంతా పని చేసుకొని, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక పుస్తకం తెరిచేవారు మీలో ఎందరో ఉన్నారు. అలా దొరికే ఒక గంట ఎంత విలువైనదో మీకు తెలుసు. ఈ వ్యాసం ఆ గంటను గురించే. విషయం మాత్రం జపాను భాష.

జపాను భాష ఎందుకు? ఆ దేశంలో వృద్ధుల సంఖ్య పెరిగింది. పనిచేసే వయసువారు తగ్గారు. అందుచేత 2019 ఏప్రిల్ నుంచి జపాను ప్రభుత్వం నిర్దిష్టమైన నైపుణ్యం గల విదేశీ కార్మికుల కోసం ఒక కొత్త వీసా పద్ధతిని అమలు చేస్తోంది. 2021 జనవరిలో మన దేశం దీనిపై జపానుతో ఒప్పందం చేసుకుంది. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, భవన నిర్మాణం, హోటళ్ళు మొదలైన రంగాలు ఇందులో ఉన్నాయి. దీనికి డిగ్రీ అడగరు. పనికి సంబంధించిన పరీక్షతోపాటు భాషా పరీక్ష నెగ్గాలి. జె.ఎఫ్.టి. బేసిక్ అనే పరీక్ష గాని, జె.ఎల్.పి.టి. పరీక్షలో ఎన్-4 స్థాయి గాని ఉండాలి. వృద్ధుల సంరక్షణకు వెళ్ళేవారు అదనంగా మరో భాషా పరీక్ష రాయాలి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. భాష రావాలన్న తొందరలో చాలామంది ముందు డబ్బు ఖర్చు చేస్తారు. నాలుగు పుస్తకాలు కొంటారు. ఫోన్‌లో పది యాప్‌లు ఎక్కించుకుంటారు. మూడు నెలల తర్వాత చూస్తే ప్రతి పుస్తకంలోనూ మొదటి మూడు పాఠాలే నలిగి ఉంటాయి. ‘నాకు భాషలు రావు’ అని అప్పుడు తమను తామే నిందించుకుంటారు. నా అభిప్రాయంలో ఆ నింద సరైనది కాదు. వారికి లోపించింది తెలివి కాదు, ఎంపిక. ఒక పుస్తకం, ఒక నిఘంటువు, పునశ్చరణకు ఒక పనిముట్టు. ఎన్-4 స్థాయి వరకు ఇవి చాలు. వీటిలో చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి.

మీ చేతిలో ఇప్పటికే ఉన్నది

పుస్తకాల కంటే ముందు ఒక మాట. ఇంగ్లీషు బాగా రానివారికి జపాను భాష అందదని కొందరు భయపడతారు. నిజానికి జపాను వాక్యానికి ఇంగ్లీషు కంటే తెలుగే దగ్గర. ఈ వాక్యం చూడండి:

ఉచి ని కయెత్తె, గొహన్ ఒ తబెతె, నెమషిత.
ఇంటికి తిరిగివెళ్ళి, అన్నం తిని, పడుకున్నాను.

‘ఉచి’ అంటే ఇల్లు. ‘ని’ మన ‘కి’ విభక్తి. ‘కయెత్తె’, ‘తబెతె’ మన ‘వెళ్ళి’, ‘తిని’ లాంటి అసమాపక క్రియలు. సమాపక క్రియ చివర వచ్చింది. మాటల వరుస ఎక్కడా మారలేదు. ‘గొహన్’ అంటే వండిన అన్నం, భోజనం కూడా. మనమూ ‘అన్నం తిన్నావా?’ అని భోజనం గురించే అడుగుతాం కదా! ‘నిన్న కొన్న పుస్తకం’ అనడానికి వారు ‘కినో కత్త హొన్’ అంటారు. ఇదీ మాటకు మాట సరిపోతుంది. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు ఈ ఒక్క విషయానికే వారాలు వెచ్చిస్తారు.

ఉచ్చారణలోనూ మనకు సౌకర్యం ఉంది. జపాను భాషలో హ్రస్వ దీర్ఘాలకు అర్థం మారుతుంది. ‘ఒబసన్’ అంటే పిన్ని లేదా అత్త. ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ. ద్విత్వానికీ అర్థం మారుతుంది. ‘కితె కుదసై’ అంటే రండి, ‘కిత్తె కుదసై’ అంటే కోయండి. ‘గడి’కి, ‘గడ్డి’కి తేడా తెలిసినవారికి ఇది కష్టం కాదు. ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపే అక్షరాలు కూడా మన లిపిలో ఉన్నాయి. మనం ‘సునామీ’ అని రాసే మాట జపానుదే. అక్కడ మొదటి అక్షరాన్ని ‘చుక్క’లోని ‘చు’లాగా పలుకుతారు.

అందుచేత మొదటి సలహా: జపాను మాటలను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకోకండి. మొదటి పది ఇరవై రోజులు తెలుగులో రాసుకోండి. ఆ తర్వాత తెలుగును కూడా వదలి వారి లిపిలోనే రాయండి. హిరగన, కతకన అనే రెండు లిపులలో మూలాక్షరాలు ఒక్కొక్కదానిలో 46. రోజుకు ఐదు చొప్పున రాస్తే ఒక్కో లిపికి పది రోజులు. వాటి వరుస ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’ అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. ఇది మన వర్ణమాలకు చుట్టం. బౌద్ధ భిక్షువులతోపాటు జపాను చేరిన సంస్కృత అక్షరక్రమమే దీనికి ఆధారం.

ఏ పుస్తకం?

మూడు పుస్తకాల గురించి చెబుతాను. మూడూ కొనమని కాదు, ఒకటి ఎంచుకొమ్మని.

మొదటిది ‘ఇరొదొరి’. జపాన్ ఫౌండేషన్ అనే సంస్థ దీన్ని తయారు చేసి 2020లో అందుబాటులోకి తెచ్చింది. ఇందులో మూడు భాగాలు. పుస్తకమూ, వినడానికి శబ్దపాఠాలూ ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. దుకాణంలో అడగడం, ఒంట్లో బాగాలేదని చెప్పడం, పనిచేసే చోట సూచన అర్థం చేసుకోవడం వంటి సందర్భాలు ఇందులో ఉంటాయి. ఉపాధి కోసం నేర్చుకునేవారికి నేను దీన్నే మొదట సూచిస్తాను.

రెండవది ‘మిన్నా నొ నిహొంగొ’. ఇది మొదట 1998లో వెలువడింది. ప్రాథమిక స్థాయిలో రెండు భాగాలు, 50 పాఠాలు. అసలు పుస్తకం పూర్తిగా జపాను భాషలోనే ఉంటుంది. అర్థాలూ వ్యాకరణమూ వేరే సంపుటంలో ఉంటాయి. కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. వాక్యాలను పదేపదే మార్చి రాసే అభ్యాసం ఇందులో ఎక్కువ. పరీక్షకు గట్టి పునాది కావాలనుకునేవారికి ఇది మంచిది.

మూడవది ‘గెంకి’. దీని మూడవ కూర్పు 2020లో వచ్చింది. రెండు భాగాలలో 23 పాఠాలు. వ్యాకరణ వివరణ విపులంగా ఉంటుంది కాని, అది ఇంగ్లీషులో ఉంటుంది. సంభాషణలు కళాశాల విద్యార్థుల జీవితం చుట్టూ తిరుగుతాయి. ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగితేనే దీన్ని తీసుకోండి.

ఏది ఎంచుకున్నా చివరి పాఠం దాకా వెళ్ళండి. మధ్యలో మరో పుస్తకం బాగుందని ఎవరైనా అంటే, ‘ఇది అయ్యాక చూస్తాను’ అనండి.

పనిముట్లు పుస్తకానికి తోడు

నిఘంటువుకు డబ్బు పెట్టనక్కరలేదు. ఆస్ట్రేలియాలో జిమ్ బ్రీన్ అనే ఆచార్యుడు 1991లో జపాను-ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ప్రారంభించి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ‘జిషొ’ వంటి ఎన్నో వెబ్‌సైట్లకూ యాప్‌లకూ ఆధారం అదే.

పునశ్చరణకు ‘అంకి’ వాడండి. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన తాను జపాను భాష నేర్చుకుంటూ తయారు చేసుకొని, 2006లో విడుదల చేసిన పనిముట్టు ఇది. చీటీకి ఒకవైపు జపాను మాట, మరోవైపు అర్థం. మీకు గుర్తున్న మాట చాలా రోజుల తర్వాత వస్తుంది. మరచిన మాట త్వరగా తిరిగి వస్తుంది. కంప్యూటరులోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఇది ఉచితం. ఐఫోన్‌లో డబ్బు చెల్లించాలి. ఇతరులు చేసిన వేల చీటీలు దించుకోకండి. ఆ రోజు పాఠంలోని పది మాటలకు మీరే చీటీలు రాయండి. అర్థం తెలుగులో రాయండి.

కంజి అక్షరాలను కూడా మాటలతోనే నేర్చుకోండి. నిత్యవ్యవహారానికి నిర్ణయించిన పట్టికలో 2136 ఉన్నాయి. ఆ సంఖ్య చూసి బెదరకండి. చెట్టుకు ఒక గుర్తు. అదే రెండుసార్లు రాస్తే తోపు, మూడుసార్లు రాస్తే అడవి. ఒకే అక్షరానికి రెండు పలుకుబడులు ఎందుకని విసుగు వస్తుంది. కాని మనమూ విడిగా ‘నీళ్ళు’ అంటాం, సమాసంలో ‘జలాశయం’ అంటాం. వారికి విడిగా ‘మిజు’, కుళాయి నీటిని చెప్పే ‘సుయిదో’ వంటి మాటలో ‘సుయి’. తేడా ఏమిటంటే, వారు రెంటికీ ఒకే అక్షరం రాస్తారు.

అనువాదం చేసే యాప్‌ల మాటేమిటి? వీధిలో బోర్డు చదవడానికి అవి ఎంతో మేలు. నేర్చుకోవడానికి మాత్రం జాగ్రత్త కావాలి. తెలుగులో ‘వచ్చాను, వచ్చాడు, వచ్చారు’ అని క్రియే కర్తను చెబుతుంది. జపాను భాషలో అన్నిటికీ ‘కిమషిత’ ఒక్కటే. కర్తను తరచు వదిలేస్తారు. ఎవరు వచ్చారో యంత్రం ఊహించాలి, ఆ ఊహ తప్పవచ్చు. ప్రశ్నకు జవాబు చెప్పే కృత్రిమ మేధ కూడా అంతే. వ్యాకరణాన్ని తెలుగులో వివరించమని అడగండి, మంచిదే. కాని అది తప్పును కూడా ఒప్పంత ధీమాగా చెబుతుంది. పుస్తకంతో సరిచూసుకోండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

పుస్తకాలూ యాప్‌లూ ఇవ్వలేనిది ఒకటుంది. అది ఎదుటి మనిషి. జె.ఎల్.పి.టి.లో మాట్లాడే పరీక్ష లేదు. గుర్తులు పెట్టి నెగ్గవచ్చు. కాని సంరక్షణ గృహంలో ఒక ముసలమ్మ నొప్పి ఎక్కడో చెబుతుంటే, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకొమ్మని ఎవరూ అనరు. అందుచేత మొదటి రోజు నుంచే పాఠాన్ని బిగ్గరగా చదవండి. మీ గొంతును ఫోన్‌లో రికార్డు చేసి, శబ్దపాఠంతో పోల్చుకోండి. తోటి అభ్యాసకుడు ఒకరు దొరికితే వారానికి ఒకసారి సంభాషణలు చెప్పుకోండి. చేతిలో కొంత డబ్బు ఉంటే దాన్ని మీ మాట విని తప్పు దిద్దే ఉపాధ్యాయుని కోసం ఖర్చు చేయండి. అది వృథా కాదు. ఉచితంగా దొరికే పుస్తకపు నకలుకు వేలు చెల్లించడమే వృథా. ఎవరో ఇచ్చే శిక్షణ పత్రం పై పరీక్షలకు బదులు కాదని కూడా మరవకండి.

జపాను వెళ్ళడం అందరికీ కుదరకపోవచ్చు. అయినా ఒక పరాయి భాషను, ఇంగ్లీషు దయ కోసం ఎదురుచూడకుండా, మన తెలుగు ఊతంతో నేర్చుకోగలమని తెలియడం చిన్న సంగతి కాదు. ఈ రాత్రి మీకు దొరికే గంటలో ఐదు అక్షరాలు రాయండి. రేపు మరో ఐదు.

ఆలోచించండి – చేయండి

1. మీ ఫోన్‌లో ఉన్న భాషా యాప్‌లలో గత వారం నిజంగా ఉపయోగపడినవి ఎన్ని? మిగిలినవి తీసివేయండి.
2. ‘నిన్న కొన్న పుస్తకం’ వంటి మాటలు తెలుగులో ఐదు రాయండి. వీటిని ఇంగ్లీషులో చెప్పాలంటే మాటల వరుస ఎలా మారుతుందో గమనించండి.
3. ‘ఎక్కువ పుస్తకాలుంటే ఎక్కువ నేర్చుకోవచ్చు’ అనే మాటతో మీరు ఏకీభవిస్తారా? మీ అనుభవంతో పది వాక్యాలు రాయండి.